పద్నాలుగో గడి

వీబ్రెన్ మళ్ళీ వచ్చాడు
తొమ్మిదేళ్ళ తర్వాత, హేగ్ వానలో, ట్రామ్ దిగి.
చంకలో డ్రమ్ మెషీన్, దానికి చేపల కొట్టు సంచీ తొడుగు.
అరవై మూడేళ్ళు. ఎడమ చెవిలో మిషను.
"సన్నటి శబ్దాలు నువ్వే చూసుకోవాలి లోట్టె,
పిచ్చుకలు నాకు వినపడ్డం మానేశాయి."

నా పని కోత.
లక్క పూసిన పళ్ళెం తిరుగుతుంటే
వేడి కెంపు మొనతో పాటకి దారి తవ్వుతాను.
లేచిన పొట్టు నల్లటి వెంట్రుకలా వంకీలు తిరిగి
గొట్టంలోకి పోతుంది.
నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది.
అందుకే వీబ్రెన్ వెలిగించని సిగరెట్ ఒకటి
పెదాల మధ్య పెట్టుకుని కూర్చుంటాడు.

మొదటిది ఎలక్ట్రో.
మెట్లు దిగుతూ ఒక మెట్టు మర్చిపోయినవాడి నడక.
రెండోది టెక్నో, తిన్నగా,
అర్ధరాత్రి గాజు తోటల నారింజ వెలుగు పక్కన
ఎదురుగాలికి సైకిల్ తొక్కినట్టు.
బాస్‌ని మధ్యకి లాగాను,
లేకపోతే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది.
"కుర్రాళ్ళు దీనికి చెవి కోసుకుంటారు" అన్నాను.
"నాకు ఒకటి పోయింది చాల్లే" అన్నాడు.

మూడోదానిలో
రెండో నిమిషం దాటాక
చప్పట్లు ఒకసారి ఆలస్యంగా పడ్డాయి.
కాసేపటికి మళ్ళీ. సరిగ్గా అక్కడే.
ఆపాను. తెర మీద వేలు పెట్టి చూపించాను.
"గాడి తప్పింది. వెంట్రుకవాసి ముందుకి జరపనా?"

జవాబు చెప్పకుండా సంచీ విప్పాడు.
మెషీన్ మీద ఒక మీట లేదు,
పిల్లలాడుకునే ఎర్ర ప్లాస్టిక్ ఇటుక అంటించి ఉంది.
"హంఫ్రీది. పరమారిబో వాడు.
పగలు షెడ్డులో ట్రామ్ చక్రాలకి నూనె పెట్టేవాడు,
రాత్రి మా వంటింట్లో దీన్ని వేళ్ళతో వాయించేవాడు.
ఇది పద్నాలుగో గడిలో దాచి
రేపొచ్చి సరిచేస్తానన్నాడు.
పదిహేడేళ్ళయింది.
లోపలి బ్యాటరీ చచ్చిపోతోంది.
మారిస్తే జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోతుంది,
మార్చకపోయినా పోతుంది.
అందుకని ఒక రాత్రి కూర్చుని రికార్డు చేశాను.
తర్వాత బాస్‌నీ, గంటల్నీ, అన్నిటినీ
వాడొచ్చేదాకా ఆగమని చెప్పాను."

అలాగే కోశాను.
చివరి గాడి దాటాక మిగిలే నల్లటి ఖాళీలో
సూదితో 14 అని గీకమన్నాడు. పేరు వద్దన్నాడు.
నా చెయ్యి కొంచెం వణికింది, 4 వంకరగా వచ్చింది.
మూడు వందల కాపీలకీ అదే వంకర.

ఐదు వారాలకి నమూనా డిస్కు వచ్చింది.
స్హెవెనింగెన్‌లో నాలుగో అంతస్తు, కిటికీకి ఉప్పు పట్టింది.
హంఫ్రీ కూతురు సుజెట్ ఆసుపత్రి డ్యూటీ దిగి
కోటు విప్పకుండానే నిలబడి వింది.
వీబ్రెన్ అరచెయ్యి స్పీకర్ మీద పెట్టి విన్నాడు,
గొడ్డు డొక్క తడిమి చూసే రైతులా.

చప్పట్లు రావాల్సిన చోట రాలేదు.
తర్వాత వచ్చాయి.

సుజెట్ నవ్వేసింది.
"బడి దగ్గరికి కూడా ఇలాగే వచ్చేవాడు నాన్న.
అందరూ వెళ్ళిపోయాక, చేతులకి నూనెతో."

ముల్లు లోపలి గాడిలో తిరుగుతూ ఉండిపోయింది.
టిక్. టిక్.
ఎవరం లేచి తియ్యలేదు.

బల్ల మీద కొత్త బ్యాటరీ,
నాలుగు యూరోల ఎనభై సెంట్లు.
వీబ్రెన్ ఇంకా దాని అట్ట చించలేదు.