వానా గీనా

బ్యారేజీ దగ్గర గేట్లు దించిన వారానికి
మా కాలువ మొలలోతు నుంచి చీలమండకి,
చీలమండ నుంచి ఉత్త వాసనకి దిగింది.
గుర్రపుడెక్క గట్టున ఎండుతోంది.
మట్టగిడసల కోసం పిల్లలు బురదంతా తవ్వేశారు.
నా చేతిలో నలభై రెండు రోజులు,
ఒక ఎస్టిమేటు,
తుప్పు తినేసిన రెండు షట్టర్లు.
రెండే. పాతవి లేపి, కొత్తవి దింపి,
నీళ్లొచ్చేలోపు గట్టెక్కాలి.

మొదటి రోజు పొద్దున్నే
నాకంటే ముందు లాకు గోడ మీద
ఒక మాట వచ్చి కూచుంది: ఎలాగూ.
"ఎలాగూ కాలువ ఎండింది కదమ్మా,
మా రేవుకి నాలుగు మెట్లు" అంది సర్పంచి సుగుణమ్మ.
"ఎలాగూ సిమెంటు దిగిందండి,
మా బోదె తూముకి రెండు తట్టలు" అన్నాడో కౌలురైతు.
"ఎలాగూ మిక్సరుకి అద్దె కడుతున్నాం కదండీ"
అన్నాడు కాంట్రాక్టరు వీరబ్బులు, బిల్లు నోట్లో ఊరుతుండగా.
ఎవరి అవసరమూ చిన్నది కాదు.
కానీ ఎలాగూకి షట్టరు లేదు,
ఒకసారి ఎత్తామా
కాలువంతా దాని గుండానే పోతుంది.

గోడ మీద సుద్దతో గీత గీశాను.
ఇటు చేసేది. అటు చేయనిది.
చేయనిదే పొడుగ్గా రాశాను,
ఎవర్నీ మర్చిపోలేదని వాళ్లకి కనపడాలని.
సుగుణమ్మ నిలబడి అంతా చదివింది.
"రాయడానికి సుద్ద దొరికింది,
కట్టడానికి సిమెంటు దొరకలేదు"
అని వెళ్లిపోయింది.

ఆ రాత్రి లస్కరు యోహాను,
ముప్ఫయ్యేళ్లు ఇదే చక్రం తిప్పినవాడు, అడిగాడు:
"మరి వానా గీనా వస్తేనండి?"
"వానకి మూడు రోజులు పెట్టాను.
టార్పాలిన్లు, డీజిలు మోటారు కూడా."
"ఆయ్, వానకి సరేనండి. గీనకి?"

నవ్వబోయి ఆగిపోయాను.
మాటలొచ్చినప్పట్నుంచీ అంటున్నదే కదా.
జొరం గిరం, అప్పూ గిప్పూ, పామూ గీమూ.
ప్రతి భయం పక్కనా
పేరులేని తమ్ముణ్ణొకణ్ణి నిలబెడతాం,
వాడికో పీట మాత్రం వెయ్యం.

సెల్లు వెలుగులో లెక్క తిరగరాశాను.
రంగులు తీసేశాను. రెయిలింగు తీసేశాను.
శిలాఫలకానికి కట్టాల్సిన దిమ్మ తీసేశాను.
ఆరు రోజులు మిగిలాయి.
వాటికెదురుగా 'గీన' అని రాసి, కొట్టేసి,
'ఇతరములు' అని రాశాను.

వాన పద్దెనిమిదో రోజున
కబురు పెట్టి వచ్చిన చుట్టంలా వచ్చింది,
పెట్టిన మూడు రోజులూ తిని పోయింది.

ఇరవై ఆరో రోజు పాత షట్టరు లేపితే
అడుగున గచ్చు డొల్లగా మోగింది.
గునపం దించితే గునపమంతా దిగిపోయింది.
పైన మేం చక్రాలు బిగిస్తూ ఉండగా
ఎన్నేళ్లుగానో కింద నీరు
తనకో దొంగదారి తవ్వుకుంది.
యోహాను ఏమీ అనలేదు. నా వైపు చూడనైనా లేదు.
ఇసుక బస్తాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు.
అయిదు రోజులు మింగింది ఆ గొయ్యి.

మిగిలిన ఒక్క రోజునీ
సుగుణమ్మ ఎక్కడ విన్నదో,
మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చింది.
"ఎలాగూ మిగిలింది కదమ్మా."
నాలిక చివరిదాకా వచ్చిన సరేని
వెనక్కి మింగాను. గొంతులో గుచ్చుకుంది.
చీకటిపడ్డాక ఫోను:
నారుమళ్లకి నీళ్లు ఒక రోజు ముందే వదులుతున్నాం.

నురగని ముందు నడిపిస్తూ
ఎండుటాకులు తోసుకుంటూ వచ్చాయి నీళ్లు.
యోహాను ఒంటిచేత్తో చక్రం తిప్పాడు.
కొత్త షట్టరు చప్పుడు చెయ్యలేదు.
ఆ నిశ్శబ్దంలోనే
దిగువన రేవు బురదలో
ఎవరిదో బిందె జారిన మోత
లాకుదాకా వినపడింది.

గోడ మీద సుద్ద గీతకి అటువైపు
మొదటి పేరు
ఇంకా చెరగలేదు.