ఎండ చూడని రేణువు

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బకి
ఇనప గొట్టం దిగ్గొట్టి
వెలుతురు తగలకుండా మూత బిగించాం.

జీడితోట గట్టు మీంచి మైలిపిల్లి కాసులమ్మ:
"ఏటి బాబూ, రాకాసి పేనం దొరికిందేటి?
ఇసక రేణువులో దాసిందంట.
ఎండ సూత్తే సచ్చిపోద్దంట."

కథలు సేకరించే హైమావతి రాసుకుంది.
రాకాసంటే తుఫానేమో అంది.
కాసులమ్మ ఒప్పుకోలేదు:
"తుపాను మాకు తెలీదేటి?"

యూనివర్సిటీలో అర్ధరాత్రి, ఎర్ర బల్బు కింద
రేణువు మీద నీలికాంతి వేశాను.
ఆఖరి ఎండ నుంచీ
మట్టిలో కూడబెట్టుకున్నదంతా
ఒక్కసారి మెరిసి
తెర మీద గీతై జారిపోయింది.

వయసు తేలింది,
పదిహేను వందల ఏళ్లు అటో ఇటో.

మళ్లీ వేశాను కాంతి.
ఏమీ లేదు.

రిపోర్టులో అంకె రాశాను సరే,
కాసులమ్మ అడిగితే
దొరికిందనాలా,
చంపేశాననాలా?