ముద్ర పడని వేళ్లు

ముప్పై ఒక్క ఏండ్లు వేలిముద్రలు చూసినవు,
పుస్తకం రాయమంటడు కరీంనగర్ ప్రెస్సు వేణుమాధవ్.
నాలుగు ఖూనీలు, ఒక బ్యాంకు దొంగతనం,
నడుమ నడుమ ఈ శాస్త్రం ఎట్ల పుట్టిందో కొంచెం.
ఆఖరి పేజీల దొంగ దొరకాలె, అంతే.

శాస్త్రంతోనే మొదలువెట్టిన.
పోలీసులకన్న ముందు మంత్రసాని చూసింది
పురిటి బిడ్డ వేళ్ల మీద చక్రాలెన్ని, శంఖాలెన్నని.
తర్వాత బెంగాల్ల ఒక తెల్లదొర
కంకర కాంట్రాక్టు కాయితం మీద
ఒక మనిషి అరచేతికి సిరా పూసి అచ్చేయించుకున్నడు.
దొంగను పట్టెటందుకు కాదు.
రేపు మాట తప్పుతడేమోనని.
ఈ వాక్యం రాసి చాలాసేపు కూసున్న.
మా దిక్కు చదువు రానోన్ని ఇంకా
నిశానిగాడనే అంటరు.

కోరుట్ల కేసు కాడ కలం ఆగింది.
తొంభై రెండు, వానకాలం, కరెంటు లేని రాత్రి.
బీడీల కార్ఖాన మునీం భూమేశ్వర్
తునికాకు బస్తాల నడుమ బోర్ల పడి ఉన్నడు.
తూకం రాయి తలకాయ పక్కన.
ఆడోళ్ల పాసుబుక్కులు వరుసగ మేకులకు ఏలాడుతున్నయి,
ఒక మేకు ఖాళీ.
కందిలి గ్లాసు మీద నల్లపొడి చల్లి
ఉడుత వెంట్రుకల కుంచెతోని దులిపిన,
ఊపిరి బిగవట్టి.
ఎనిమిది వేళ్లు లేచినయి.
ఎనిమిదింటి మీద ఒక్క గీత లేదు.

తొడుగులేసుకున్నరు, అన్నడు ఇన్‌స్పెక్టర్,
పట్నం నుంచి వచ్చినోళ్ల పని, అన్నడు.
నేనేమనలే.
తొడుగుకు చెమట పట్టదు.
ఆ మచ్చలల్ల చెమట ఉన్నది.
మా అవ్వ వేళ్లు నాకెరుక.
నాకు ఊహ తెలిసినకాంచి దినాం వెయ్యి బీడీలు,
తడి ఆకు, కత్తెర, తంబాకు, మళ్ల తడి ఆకు.
జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టేది,
చింతగింజ ఆనినట్టుండేది.

"ముద్రలు పోల్చుటకు పనికిరావు" అని రిపోర్టు రాసిన.
అబద్ధం కాదది.
రెండో వాక్యం ఒకటి ఉండె,
రాయలే.

గ్లాసు పక్కన ఒక బీడీ కట్ట ఉండె.
దాని ఫోటో ఎవరూ అడగలే,
నా సందుగలనే ఉండిపోయింది.
మా వాడకట్టుల ఎవరి దారం ముడి వాళ్లదే,
ముడి చూసి పేరు చెప్పొచ్చు.
ఒకనాడు అవ్వ చేతికిచ్చిన.
కండ్లద్దాలు పెట్టుకొని వెలుతురుకు పట్టి చూసింది.
ముడి గురించి అడుగుతున్నానని తెలుసామెకు.
బీడీల మూతులు లెక్కవెట్టింది.
"ఇరవై నాలుగే ఉన్నయి బిడ్డా, ఒకటి తక్కువ" అన్నది.
ఫోటో తిరగేసి నా ఒళ్లో పెట్టి
చాయ పెట్టనీకి లేచింది.

వేణుమాధవ్ రెండుసార్లు ఫోన్ చేసిండు.
బ్యాంకు దొంగతనం పంపిన, మస్తుగున్నదన్నడు.

ఇయ్యాల పొద్దున రేషన్ దుకాణంల
అవ్వ బొటనవేలు పెట్టింది. మిషన్ వద్దన్నది.
చూపుడు వేలు. వద్దన్నది.
కొంగుకు తుడుచుకోని గట్టిగ ఒత్తవ్వా, అంటున్నడు డీలరు.
వెనక లైన్ల నిలబడ్డ ముసలి ఆడోళ్లు
అప్పటికే, ముందుగాలనే,
తమ వేళ్లు కొంగులకు రుద్దుకుంటున్నరు.