అవతల

ఉప్పెనకి ఐదేళ్ల ముందు సంగతి.
నాకు పదకొండేళ్లు. ఆటోనగర్లో బుడే సాహెబ్ షెడ్డు.
నా పని నల్లాయిలు మొయ్యడం.
లారీ కిందకి దూరి, డబ్బా పెట్టి, నట్టు వదులు చేస్తే
గోరువెచ్చగా, జడలా దిగేది.
నిండిన డబ్బా రెండు చేతుల్తో పట్టుకుని
ఎక్కడ పొయ్యను మేస్త్రీ అంటే
తలెత్తకుండా స్పానరుతో చూపించాడు:
అవతల.

అవతలంటే రోడ్డు దాటాక తుమ్మలు.
తుమ్మల్లో బోదె.
బోదె ఎటు పోతుందో నేనడగలేదు,
అదీ చెప్పలేదు.

పక్క షెడ్డు శాంబయ్య బ్యాటరీల యాసిడ్ వంపేదీ అక్కడే.
మట్టి బుసబుసా పొంగేది,
సోడా కొట్టినట్టుందని చుట్టూ మూగేవాళ్లం.
పాత ట్యూబులు కాల్చేదీ అక్కడే.
రేడియేటరు తుప్పునీళ్లు, గ్రీజు గుడ్డలు,
తిన్న విస్తళ్లు, చచ్చిన ఎలక.
నల్లాయిలు మిగిలితే గజ్జికుక్కకి పూశాం,
చెదపట్టిన వాసానికి పూశాం,
దుమ్ము లేవకుండా షెడ్డు ముందు చల్లాం, కళ్లాపిలాగా.
దొంగచాటుగా చేసింది ఏదీ లేదు.
పట్టపగలు, ఈలేసుకుంటూ పోశాం.
మున్సిపాలిటీ మలేరియా ఆయన సైకిలాపి
బోదె మీద జిడ్డు పొర చూసి మెచ్చుకున్నాడు కూడా:
"మంచి పనిరోయ్, దోమపిల్లలు చస్తాయి."
కప్పలు కూడా అరవడం మానేశాయి.
వానలు వెనకబట్టాక గానీ
ఆ సంగతి ఎవరికీ తోచలేదు.

ఒకరోజు కాలవ రేవు నుంచి నాంచారమ్మ వచ్చింది,
తడిబట్టల మూట చంకనెట్టుకుని.
ప్లీడరుగారి పంచె తీసి బానెట్టు మీద పరిచింది.
అంచు పొడుగునా నల్లటి చార.
తిట్టలేదు. "మీదేనా ఇది?" అంది,
తప్పిపోయిన మేకపిల్లని తెచ్చి అప్పజెప్పినట్టు.
సాహెబ్ సిగ్గుపడిపోయాడు.
స్టూలేసి కూచోబెట్టి, టీ తెప్పించి,
గిన్నెడు పెట్రోల్లో తనే ముంచి తనే రుద్దాడు.
గంట పట్టింది. మరక పోయింది.
పంచె పిండాక గిన్నెలో నల్లటి పెట్రోలు మిగిలింది.
ఇద్దరూ నా వైపు చూశారు.

తీసుకెళ్లి పోశాను.

తొంభై రెండులో చవగ్గా వస్తే స్థలం కొన్నాను,
పల్లం పూడ్చిన చోట, డెబ్బై గజాలు.
రాళ్లూ రప్పలూ పోసి చదును చేశారు,
ఎక్కడా ఒక్క చెట్టు లేదు.
పాస్టరుగారు ప్రార్థన చేశాక బోరు దింపాం.
ముప్పై అడుగులకే నీళ్లు పడ్డాయి, అదృష్టవంతుడివన్నారు.
మొదటి బకెట్లోకి వంగి మా ప్రిస్కిల్ల చప్పట్లు కొట్టింది:
"నాన్నా, నీళ్లలో హరివిల్లు!"

నేను చూడకముందే నాకు వాసన తెలిసింది.
సాహెబ్ పోయి అప్పటికి ఆరేళ్లు.
అవి ఆయన చేతులే.
అన్నం తినేముందు బూడిదేసి ఎంత తోమినా
గోళ్ల సందుల్లో మిగిలిపోయే ఆ వాసనే.

రోజుకి రెండు డబ్బాలు, శుక్రవారం ఒంటిపూట, తొమ్మిదేళ్లు...
లెక్క మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను.
తుమ్మలు ఎక్కడుండేవి? బోదె ఎటు వంపు తిరిగేది?
నా గుమ్మంలో నిలబడి అటు చూశాను, ఇటు చూశాను.

లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది:
"ఏంటలా చూస్తారు, ఆ నీళ్లు అవతల పారబొయ్యండి."

బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ
అక్కడే నిలబడ్డాను.