కాకిబంగారం కత్తి

గూడూరు రైల్వే గేటు దాటినాక
సైకిలు పంపుల అంగడి పక్కనే మా పాతసామాన్ల కొట్టు.
బోర్డు మీద పేరు మా నాయనది, మస్తాన్ వలీ.
ఫోనులో పేరు నాది, జిలాని.
ఒకే అంగడి ఇప్పుడు రెండుచోట్ల ఉండాది,
ఒకచోట దుమ్ము, ఇంకోచోట నిబంధనలు.

నాయనకు ఒకటే నిబంధన.
పొద్దుగూకినాక తెచ్చిన వస్తువు కొనగూడదు.
అదీ ఎక్కడా రాసిపెట్టలేదు.
నాకు తొంభై ఆరు.
‘అంగీకరిస్తున్నాను’ నొక్కేముందు
చదివింది మొదటి మూడు.

మిగతావి ఒక్కొక్కటే
ఎర్రచుక్కలై వచ్చి నేర్పినాయి.
దుప్పికొమ్ము పిడి చేతికర్ర పెడితే, వన్యప్రాణి.
సారాయి కాంట్రాక్టరు కొలిచిన ఇత్తడిపాత్ర పెడితే, మద్యం.
దాంట్లో ఇప్పుడు మా అమ్మ చింతపండు దాస్తా ఉండాది.
పావలా బిళ్ళలు ఇరవై పెడితే
డబ్బును డబ్బుకు అమ్మరాదంది.
పావలా చచ్చి ఎన్నేళ్ళయిందో చెబుదామంటే
ఆ చివర మనిషే దొరకలేదు.

ఇంకో చిక్కుంది, వయసు గడి.
నూరేళ్ళు దాటిందంటే సర్కారు కాగితం చూపమంటుంది,
దాటలేదంటే ‘పురాతనం’ అన్న మాట తీసెయ్యమంటుంది.
అందుకే నా కొట్లో సామానంతా
తొంభైతొమ్మిదో ఏట ఆగిపోయుండాది,
ఓటరు కార్డులో మా మేనత్త మాదిరి.

మే నెల ఎండలో చెంగమ్మ వచ్చింది.
కలిచేడు గనుల్లో అభ్రకం ఒలిచిన మనిషి.
కొంగు ముడిలోంచి తీసింది
అరిచేతంత కొడవలి.
వంపు అరిగి అరిగి మూడోనాటి చంద్రుడైంది.
పిడికి గుడ్డ, గుడ్డ మీద గుడ్డ,
ఆ మడతల్లో ఇంకా తళుక్కుమంటా కాకిబంగారం.
“ఇట్టాంటివి కొంటారంట గదబ్బయా,
కళ్ళద్దాలకి ఏడొందలు తక్కువపడ్డాయి.”

గడప మీద పెట్టి ఫొటో తీసినాను.
అభ్రకం పొరలు ఒలిచే కత్తి, వాడినది, అని రాసినాను.
నిమిషంలో ఎర్రచుక్క, ఆయుధం.
కత్తి కొట్టేసి పనిముట్టు అన్నాను. ఆయుధం.
పిడి ముందుకు తిప్పి తీసినాను. ఆయుధం.
అప్పీలు అనేదొకటి ఉండాది,
ఇది మనిషిని ఒలవదు, రాయిని ఒలుస్తుంది అని దాంట్లో రాసినాను.
మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని వచ్చింది.

ఆ వారంలోనే, పొద్దుగూకినాక,
ఇద్దరు కుర్రోళ్ళు ఆటోలోంచి గోనెసంచి దించినారు.
ఉదయగిరి అవతల కొండల్లోదన్నారు, ఊరు చెప్పలేదు.
రాతిలో ఒక వీరుడు, మోకాళ్ళ దాకా.
కింద కొత్త ఉలిదెబ్బ తెల్లగా,
పైనంతా ఎన్ని వందల ఏళ్ళ నలుపో.
కాళ్ళు అక్కడే ఉండిపోయినాయంట.

ఊరకే చూద్దామని ఫొటో ఎక్కించినాను.
వయసు గడి ఖాళీగా వదిలినాను.
ఎర్రచుక్క రాలేదు.
‘తోట అలంకరణ’ అని అదే పేరు పెట్టింది,
పదకొండు వేలని అదే ధర చెప్పింది,
పక్కన ఒక పచ్చని ఆకు బొమ్మ కూడా.

నేనేం గొప్పోణ్ణి కాదు.
పదకొండు వేలల్లో నా వంతెంతో లెక్కేసినాను,
రెండుసార్లు.
బోర్డు మీద నాయన పేరు మీద బల్లి పాకుతుంటే
దాన్నే చూస్తా నిలబడినాను.
‘తొలగించు’ నొక్కితే కారణం అడిగింది.
అమ్ముడైంది, ధర తప్పు, మనసు మారింది, ఇతరం.
ఇతరం నొక్కినాను.
వాళ్ళు సంచెత్తుకుని ఇంకో అంగడికి పొయినారు.
ఆటో నంబరు అగ్గిపెట్టె మీద రాసుకున్నాను.
ఆ అగ్గిపెట్టె ఇంకా నా జేబులోనే ఉండాది.

చెంగమ్మ మళ్ళీ వచ్చింది.
“పోలేదా” అంది, బాధేం లేకుండా.
ఆయుధమంట, అన్నాను.
ఎడమచెయ్యి చాపి చూపింది,
బొటనవేలి పక్కన, చూపుడువేలి కొసన తెల్లటి గీతలు.
“నలభయ్యేళ్ళల్లో ఇది కోసింది నన్నేనబ్బయా.”

ఏడొందలు చేతిలో పెట్టి, అప్పే, అన్నాను.
కత్తి తీసుకుని లేస్తా లేస్తా మళ్ళీ కూలబడి
కొంగు ఇంకో ముడిలోంచి అభ్రకం బిళ్ళ తీసింది.
కళ్ళద్దాలు లేకుండానే, వేలితో అంచు తడుముకుంటా
కొసను లోపలికి పోనిచ్చింది.
చప్పుడే లేదు.
ఊపిరికి ఎగిరేంత పొర ఒకటి విడివడింది.
“ఫోను మీద పెట్టుకో” అంది,
“గీతలు పడవు.”