పుట్టుమచ్చలు

కాజీపేట జంక్షన్ల రెండో నంబర్ ప్లాట్‌ఫారం చివర
రేకుల గది నాది.
ఒక భూతద్దం, ఒక నీలి టార్చి, ఒక రిజిస్టర్.
పుట్టినోడెవడో చేసినోడెవడో
రాత్రి పది నుంచి పొద్దుగాల ఆరు దాక తేల్చాలె.

మూడు వారాల సంది వాన పడుతనే ఉన్నది.
రామగుండం పొగ కలిసిన వాన,
దులుపుకుంటే అంగీ మీద బూడిద గీతలు.
స్టేషను ఎదురంగ తెర మీద కంపెనీ పిల్ల
నవ్వుకుంట చెప్తది:
"మా మనుషులకు ఆకలి లేదు, అలుపు లేదు, యూనియన్ లేదు."
తెరల సగం బల్బులు పోయినయి.
'లేదు' ఒక్కటే వెలుగుతది.

చేసినోళ్లకు దగ్గు పెట్టిండ్రు, నవ్వు పెట్టిండ్రు,
మా యాస సుత పెట్టిండ్రు, ఏడ తవ్వుకొచ్చిండ్రో,
మా తాత మాట్లాడినంత చిక్కటి యాస.
నా కొడుక్కు ఆ మాట రాదు.
పుట్టుమచ్చ పెట్టుడు మాత్రం మరిచిండ్రు
(ఖర్చనుకున్నరో ఏమో).
అందుకే నాకీ కొలువు.

పదో తరగతి మెమోల రాసినట్టు
ఒంటి మీద రెండు మచ్చలు చూపియ్యాలె.
చూపిస్తే రైలు. లేకుంటే వెనుక గేటు, తెల్ల వ్యాను.
వ్యాను ఏడికి పోతదో నేను అడుగలే.
జీతం ఒకటో తారీఖుకే పడ్తది.

కొత్తవాడల ఒకామె ఉన్నది,
మగ్గాలు అమ్ముకున్న ఇంట్ల
సూదితోని మచ్చలు పెడ్తది. మచ్చకు మూడు వేలు.
ఆమె చెయ్యి నాకెరుకే.
అంచు మరీ గుండ్రంగుంటది,
జంపఖానా మీద పువ్వు లెక్క.
అసొంటివి నలభై దాక పట్టిన.
రెండు విడిచిన. ఎందుకని అడుగకుండ్రి.

ఆ రాత్రి బల్లార్షా బండి గంటన్నర లేటు.
మొయిన్ చాయ్ పెట్టి పోయిండు.
ఆమె వచ్చింది, భూపాలపల్లి బొగ్గుబాయిల నుంచి.
పేరడిగితే "ఓదెమ్మ" అన్నది.
వాళ్లకు నంబర్లే ఉంటయి, పేర్లుండయి.
"ఎవలు పెట్టిండ్రు?"
"మా షిఫ్టుల ఒక ముసలాయన. సచ్చిపోయిన బిడ్డ పేరట."

చేతులు చూసిన, మెడ చూసిన.
తోలు మీద ఒక్క గీత లేదు, కొత్త స్టీలు గిన్నె లెక్క.
టార్చి ఆర్పబోయిన.
తలకు కట్టిన తువ్వాల ఆమెనే ఇప్పింది.
ఎడమ కణత మీద నీలి మచ్చ,
చింతగింజంత, వంకర టింకర.

భూతద్దం పెట్టిన.
సూది పని కాదు.
మూడో సీముల పైకప్పు కూలినప్పుడు తాకిన దెబ్బ.
పుండు బొగ్గుపొడిని
కడుపుల పెట్టుకొని మానింది.

ఆ మచ్చ నాకు తెలుసు.
మా నాయినకు వీపు మీద ఏడుండె.
షిఫ్టు దిగొచ్చి బోర్లా పండుకుంటే
వేలు వెట్టి లెక్కవెడ్తుంటి,
ఏడు దాటకముందే నిద్ర పట్టేది ఇద్దరికీ.

"ముసలాయన ఏడ?" అన్న.
"బండ కింద," అన్నది.
"నేను పట్టుకున్న. నా చేతులు రెండు టన్నులు ఆపుతయని రాసుంది.
అది మూడుండె."

ఔటర్ల బండి కూత పెట్టింది.
వ్యాను డ్రైవర్ గేటు కాడ బీడీ ముట్టిచ్చి
నా దిక్కు చూసిండు.

రిజిస్టర్ల గడి: పుట్టుమచ్చలు.
పెన్ను మొరాయించింది, విదిలించిన.
'ఎడమ కణత. ఒకటి. నీలి.'
రెండోది సుత రాయాలె గదా.
"ఇంకోటుందా?"
ఆమె ఆలోచించింది, నిజంగనే ఆలోచించింది.
"కనబడేది కాదు," అన్నది.
అదే రాసిన.

బండి పోయినంక
మీగడ కట్టిన చల్లటి చాయ్ తాగిన.

తెల్లారి ఇంటికి పోయి నా మెమో తీసిన.
కుడి మోచేతి కింద ఒకటి, మెడ వెనుక ఒకటి.
మోచేతిది ఉన్నది.
మెడ వెనుకది నేనెన్నడు చూడలే,
ఇన్నేండ్లు కాయితం మాటే నమ్ముకున్న.
కొడుకును లేపి చూడుమందామనుకున్న.
అంగీ లేకుంట బోర్లా పండుకున్నడు వాడు.
వీపు సాపుగ ఉన్నది,
కొత్త గిన్నె లెక్క.
మంచం అంచుకు కూసొని
వేలు వెట్టి లెక్క మొదలువెట్టిన.