కుడికాలి గేరు

ఇరవై ఆరేండ్లు నా కుడికాలే గేర్లు మార్చింది.
మొదటిది మీదికి, తతిమ్మావి కిందికి,
న్యూట్రల్ మాత్రం దానికి మనసైనప్పుడు.
పాత బుల్లెట్టు రాజ్యాంగం అది.
స్తంభాలెక్కి దిగిన లైన్‌మన్ కాళ్ళు నావి,
ఒకసారి నేర్చుకున్నది మర్చిపోవు.
మర్చిపోతే కరెంటు ఊకోదు.

నడుము ఫోటో లైటు డబ్బాకు పెట్టి
హన్మకొండ డాక్టరమ్మ అన్నది:
"బండన్న మార్చు, లేకుంటె ఎన్నుపూసన్న మార్చు.
బండైతే షోరూముల దొరుకుతది."

కొత్తదాని గేరు ఎడమ పక్క.
కుడికాలి కింద బ్రేకు.
ముందట ఛాతి ఎత్తు అద్దం, పక్కలకు రెండు పెట్టెలు,
రెండువందల నలభై కిలోల నిమ్మళం.
"ఊకె కూసుంటె చాలు సార్, అదే పోతది"
అన్నడు షోరూం పిల్లగాడు.
ఊకె కూసునుడు
నాకెవ్వరు నేర్పలే.

మొదటి ఆదివారమే, గూడెప్పాడు క్రాసు దాటినంక
మూడో గేరనుకొని బ్రేకు తొక్కిన.
మేకలు ఆగినై. మేకలోడు ఆగిండు.
నా వెనకాల దూడపాక సమ్మయ్య
తన బండి ఎట్లనో ఆపి, హెల్మెట్ తీసి
మా దోస్తానంత పొడుగు తిట్టు తిట్టిండు.
ములుగు దాక నా కాళ్ళు రెండు
భూమి పంచుకున్న అన్నదమ్ముల లెక్క
ఒకదాన్నొకటి నమ్మలే.

మండిబజారుల యాకూబ్ పాషా దుకాణం ముందర నిలబెట్టిన.
స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనిచ్చి
పిడి చెవుల పెట్టుకొని
పాతదాని జబ్బులు చెప్పేటోడు.
దీని చుట్టు రెండుసార్లు తిరిగి, ఎక్కడ ఆనియ్యాల్నో తెల్వక
అదే స్క్రూడ్రైవర్‌తోని వీపు గోక్కున్నడు.
"దీనికి నాడి లేదు సాబ్, రిపోర్టే."
చాయ్ మాత్రం ఎప్పటిలెక్కనే చెప్పిండు.

మార్చిల ఎనుమాముల యార్డు పక్క నుంచి పోతె
మిరప ఘాటు హెల్మెట్‌లకు దూరి
ఏడ్చుకుంటనే నడిపేది.
మొన్న ఈ అద్దం వెనకాల కూసొని పోతుంటె
యార్డు ఎప్పుడు దాటిందో తెల్వలే.
ఇంటికొచ్చి అద్దం తుడిస్తె
గుడ్డకు ఎర్రటి దుమ్ము.
మునుపు అది నా కండ్లల్లకు వచ్చేది.

అట్లని దీన్ని తిట్టను.
జన్నారం అడివిల, గేటు ఎత్తిన తొలి గడియల,
మంచు ఇంకా రోడ్డు మీద పండుకొని ఉండంగ
మలుపు తిరిగితె దుప్పుల మంద.
ఉరకలే.
నమిలేది ఆపి చూసినై, మళ్ళ నమిలినై.
ఇన్నేండ్లు నేనొస్తున్న ముచ్చట
రెండు మైళ్ళ ముందే వాటికి చెప్పేది నా బుల్లెట్టు.
అడివిని చూస్తున్ననుకున్న గాని
అడివి ఖాళీ చేసి పోయిన జాగనే చూసిన్నేమో.
ఇంజన్ బందు చేసిన.
సమ్మయ్య సుత ఏం మాట్లాడలే. దుప్పుల కంటె అరుదు అది.

కెరమెరి ఘాటు మీద దిగి నడుము పట్టి చూసుకున్న.
నొప్పి ఉన్నది.
కాని కూసొని మాట్లాడుదామంటున్నది,
కేకలేస్తలేదు.

పాతదాన్ని మొగుళ్ళపల్లి వినీల్‌కు ఇచ్చిన.
"మైలేజ్ ఎంతిస్తది అంకుల్?"
జగ్దల్‌పూర్ వానల మూడు రోజులు నానింది,
కాళేశ్వరం కాడ అర్ధరాత్రి క్లచ్ వైరు తెగితె
ఎవరిదో బాయి మోటరు వైరు కట్టుకొని ఇల్లు చేరింది,
ఇవన్నీ లీటరుకు ఎంతని చెప్పాలె?
"ముప్పై" అన్న.
తాళంచెవి ఒక్కటే ఉన్నదని కూడ అన్న.

రెండోది నా జేబులనే ఉన్నది.
దానితోని ఇప్పుడు ఏ బండీ స్టార్ట్ కాదు.
దూరం పోయొచ్చిన సాయంత్రాలు
వాకిట్ల పీట ఏసుకొని, కొత్త టైరు గాళ్ళల్ల ఇరికిన కంకర
ఒక్కొక్కటే దాని మొనతోని పీకుత.
ఇది ఉట్నూరు రాయి.
ఇది, మన గల్లీదే.